విరిగిన చోటే వేరు

మెక్సికో పడమటి అంచున, పసిఫిక్ సముద్రంలోకి సన్నగా సాగిన బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో ఎల్ రొసారియో అనే ఊరుంది. 19వ శతాబ్దం చివర్లో ఆ చుట్టుపక్కల మొక్కలు సేకరిస్తూ తిరిగిన చార్లెస్ ఆర్కట్‌కు అక్కడ ఒక వింత కాక్టస్ కనిపించింది. 1900లో కేథరీన్ బ్రాండెజీ దాన్ని కొత్త జాతిగా వర్ణించి, ఆర్కట్ పేరే పెట్టారు. తరువాతి వృక్షశాస్త్రజ్ఞులు ఆ మొక్కను ఏ ప్రజాతిలో చేర్చాలో తేల్చుకోలేక ఒకచోటి నుంచి ఇంకొక చోటికి మార్చారు. అది గుంపులుగా పెరగదు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో ఒకటి కనిపిస్తుంది. దాని సంతానం అనదగ్గ పిల్లమొక్కలూ పక్కన ఉండవు. ఇలాంటి జాతి ఇన్ని వేల ఏళ్లు ఎలా నిలిచింది?

జవాబు 1962లో వచ్చింది. సాన్ డియేగో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పనిచేసే రీడ్ మొరాన్ ఆ మొక్క దొరికే చోట చుట్టూ ఏమేం పెరుగుతున్నాయో చూశారు. ఒక పక్క కార్డోన్ ఉంది. ఇది స్తంభాల్లా లేచే మహావృక్షం, ప్రపంచంలోని కాక్టస్‌లలోకెల్లా ఎత్తయిన వాటిలో ఒకటి. మరో పక్క బెర్గెరోకాక్టస్ ఉంది. దీని కాడలు సన్నం, ఎత్తు మనిషికి మించదు, ఒళ్లంతా బంగారు రంగు ముళ్లు. ఆర్కట్ మొక్క ఎత్తులో, కాడల మందంలో, ముళ్ల రంగులో, పువ్వులో ఈ రెంటికీ నడిమధ్యన ఉంది. కొత్త జాతి అనుకున్నది ఈ రెండు మొక్కలకు పుట్టిన సంకరం. పైగా తల్లీ తండ్రీ ఒకే ప్రజాతివి కూడా కావు. అదే ఏడు మొరాన్ అదే ప్రాంతంలోని మరో సంకరాన్నీ వర్ణించారు. దానికీ ఒక వైపు బెర్గెరోకాక్టసే, రెండో వైపు కొచాల్ అని అక్కడివాళ్లు పిలిచే వేరే ప్రజాతి మొక్క.

జంతువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు పుట్టవు, దాని కథ దానితోనే ముగుస్తుంది. ఆ గుర్రం, గాడిద ఒకే ప్రజాతికి చెందినవి. పక్షుల మీద జీవితమంతా పనిచేసిన ఎర్న్‌స్ట్ మేయర్ 1942లో జాతికి ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది: తమలో తాము జతకట్టి సంతానాన్ని కంటూ, ఇతర సమూహాలతో జతకట్టలేని జీవుల సముదాయమే జాతి. పక్షులకు ఈ నిర్వచనం చాలావరకు సరిపోతుంది. కాక్టస్‌లకు సరిపోదు. ఎందుకు సరిపోదో చూస్తే, కొత్త జాతులు పుట్టే దారుల్లో మనం అంతగా పట్టించుకోని ఒక దారి బయటపడుతుంది.

ముందు ఒక అయోమయం తీర్చుకోవాలి. మన పల్లెల్లో జెముడు అని పిలిచే మొక్కలన్నీ ఒక కుటుంబానివి కావు. బొంతజెముడును గిల్లితే తెల్లని పాలు కారతాయి. అది ఆముదం, జిల్లేడు, తంగేడులా మన నేలకు పాతది. ఆముదం చెట్టుకైతే బంధువు కూడా. నాగజెముడును కోస్తే పాలు రావు, జిగురు వస్తుంది. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన అసలైన కాక్టస్. ఒకే రకం ఎండ, ఒకే రకం కరువు ఈ రెండు దూరపు వంశాలకూ లావు కాండాన్ని, ముళ్లను ఇచ్చాయి. చూపుకు ఎంత దగ్గరగా ఉన్నా వీటి పుప్పొడి ఒకదానిపై ఒకటి పనిచేయదు. కార్డోన్, బెర్గెరోకాక్టస్‌ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాటి రూపాలు దూరమే గాని రక్తసంబంధం దగ్గర.

ఆ దగ్గరతనానికి కారణం కాలం. కాక్టస్ కుటుంబంలో సుమారు 1,500 జాతులున్నాయి. ఒక్క రిప్సాలిస్ జాతి ఆఫ్రికాలో, శ్రీలంకలో కూడా పెరుగుతుంది; దాన్ని మినహాయిస్తే అన్నీ అమెరికా ఖండాలకే పరిమితం. మోనికా అరకాకి, ఎరికా ఎడ్వర్డ్స్ తదితరులు 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం ఈ కుటుంబం సుమారు 3.5 కోట్ల ఏళ్ల కిందట తన బంధువుల నుంచి విడిపోయింది. కానీ ఇన్ని రకాలుగా విస్తరించింది మాత్రం గత కోటి ఏళ్ల లోపే. వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, నేలలు ఎండి, గడ్డిమైదానాలూ ఎడారులూ పరచుకున్న కాలమది. పరిణామ కాలమానంలో కోటి ఏళ్లంటే చాలా తక్కువ. ఇన్ని రూపాలు వచ్చేశాయి గాని, లోపల జన్యు యంత్రాంగం ఇంకా అంతగా విడిపోలేదు. చాలా జాతుల్లో ఒక వరుసకు 11 చొప్పున క్రోమోజోములు ఉంటాయి, ఈ కుటుంబం పొడవునా ఆ అంకె మారలేదు. ఇలా చూస్తే జాతుల మధ్య గోడలు చాలావరకు బయటివే: ఒకటి పగలు పూస్తే ఇంకొకటి రాత్రి పూస్తుంది, ఒకదాని దగ్గరికి తేనెటీగ వస్తే మరోదాని దగ్గరికి గబ్బిలమో హమ్మింగ్ పక్షో వస్తుంది, ఒకటి ఇసుకలో ఉంటే ఒకటి బండల మీద ఉంటుంది. తేనెటీగ దారి తప్పినా, రెండు నేలలు కలిసే అంచున రెండూ పక్కపక్కన మొలిచినా, ఆ గోడ కూలుతుంది.

గోడ కూలి సంకరం పుట్టడం మొదటి మెట్టు మాత్రమే. రెండు వేర్వేరు వంశాల క్రోమోజోములు ఒక కణంలోకి చేరాయి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు అవి జతలు జతలుగా ఎదురెదురు నిలబడాలి. జోడీ కుదరకపోతే విభజన చెదిరిపోతుంది, పుప్పొడి గింజలు గుల్లవుతాయి, విత్తనం రాదు. కంచరగాడిద కథ ముగిసేది ఇక్కడే. కాక్టస్ కథ ఇక్కడి నుంచి ఎలా సాగుతుందో తెలియాలంటే అరిజోనా ఎడారికి వెళ్లాలి.

అరిజోనాలో గిలా నది పక్కన కెల్విన్ అనే చోటు ఉంది. వెర్న్ గ్రాంట్, కారెన్ గ్రాంట్ దంపతులు అక్కడి చోయా కాక్టస్‌లను పరిశీలించారు. చోయాలు నాగజెముడుకు దగ్గరి చుట్టాలు; వాటి కణుపులు పలకల్లా కాకుండా గుండ్రంగా, గొట్టాల్లా ఉంటాయి. కెల్విన్ దగ్గర రెండు జాతులు కలిసిపోయే చోట మధ్యస్థ రూపంలో ఉన్న మొక్కలు గుంపులు గుంపులుగా నిలిచి ఉన్నాయి. చాలావరకు గొడ్డుమొక్కలే. అయినా అవి పెరుగుతున్నాయి, పరుచుకుంటున్నాయి. 1971లో గ్రాంట్ దంపతులు ఆ సంకరానికి ఆ ఊరి పేరే పెట్టి, ఇలాంటి సమూహాలను క్లోన్ సూక్ష్మజాతులు అన్నారు. ఒకే ఒక్క సంకర మొక్క ముక్కలు ముక్కలుగా విడిపోతూ, ప్రతి ముక్కా మొక్క అవుతూ, లోయంతా ఆక్రమించిన సమూహమన్నమాట.

చోయా కణుపు చిన్నగా తాకితేనే ఊడిపోతుంది. దాటుతున్న జింక తొడకో, పశువు మూతికో అంటుకుని వెళ్లి, ఎక్కడో రాలి, రాలిన చోట వేళ్లూనుతుంది. దీని వెనుక ఉన్న ఏర్పాటు ఎంతో అందమైనది. కాక్టస్ ఒంటిపై ముళ్లు ఎక్కడపడితే అక్కడ రావు, చిన్న చిన్న దిండ్ల లాంటి కన్నుల నుంచి వస్తాయి. ఆ కన్ను నిజానికి ఒక కుదించుకుపోయిన కొమ్మ. అవసరాన్ని బట్టి అక్కడి నుంచి ముల్లు రావచ్చు, పువ్వు రావచ్చు, కొత్త కొమ్మ రావచ్చు, నేల తగిలితే వేరు రావచ్చు. నాగజెముడులో మనం ఆకులనుకునే పచ్చని మట్టలు కాండాలే కనుక ఒక్కో మట్ట మీద డజన్ల కొద్దీ కన్నులుంటాయి, అంటే ఒక్కో మట్టలో అన్ని మొక్కలు దాగి ఉన్నట్టే. ఇంకా ఆశ్చర్యం, పండు పైతొక్క కూడా కాండపు కణజాలమే, దానికీ కన్నులుంటాయి. గొలుసు చోయా అనే జాతిలో పాత కాయ రాలకుండా దాని కన్నులోంచే మరుసటి ఏడు పువ్వు పూస్తుంది, ఆ కాయ నుంచి మళ్లీ పువ్వు. అలా కాయలు గొలుసుల్లా వేలాడతాయి. విత్తనం లేని కాయ రాలినా నష్టం లేదు. కాయే వేళ్లూని మొక్కవుతుంది.

కాబట్టి గొడ్డుతనం ఇక్కడ మరణశిక్ష కాదు. సాన్ డియేగో తీరంలోనూ, దానికి దక్షిణాన బాహా తీరంలోనూ దట్టంగా పెరిగే తీరపు చోయా దీనికి మంచి సాక్ష్యం. దాని కణాల్లో క్రోమోజోములు రెండు వరుసలకు బదులు మూడు వరుసలు, మొత్తం 33. మూడు వరుసలున్న జీవి జోడీలు కుదుర్చుకోలేదు, కనుక మంచి విత్తనం దాదాపు రాదు. ఇది బాహాలోని రెండు చోయా జాతులకు పుట్టిన సంకరమని 2000లో అణుస్థాయి ఆధారాలతో రుజువు చేశారు. విత్తనం లేకపోయినా ఒక తీరమంతా పరుచుకున్న ఈ మొక్కను జాతి అనకుండా ఏమంటాం? దానికంటూ ఒక రూపం, ఒక చోటు, ఒక జీవన విధానం ఉన్నాయి. నా దృష్టిలో ఇది జాతే. నిర్వచనం ఇక్కడికి పనికిరాకపోతే మారవలసింది నిర్వచనమే.

అయితే ముక్కలతో పెరిగే సమూహం ఎప్పటికీ ఒకే జన్యువులతో ఉండిపోతుంది కదా, మరి పరిణామం ఎక్కడిది? ఇక్కడ రెండో మలుపు ఉంది. గొడ్డుమొక్క కూడా ఏడాదికి ఎన్నో పువ్వులు పూస్తుంది, ఒక్కో పువ్వులో పుప్పొడి గింజలు లక్షల్లో ఉంటాయి. విభజన సరిగా జరగక, అరుదుగా ఒక గింజలోకి లేదా ఒక అండంలోకి క్రోమోజోములు సగానికి తగ్గకుండా మొత్తంగా వచ్చేస్తాయి. అలాంటివి కలిస్తే నాలుగు వరుసలు, ఆరు వరుసలు, ఎనిమిది వరుసలు ఉన్న మొక్కలు పుడతాయి. సంకర మొక్కలో ఇలా వరుసలు రెట్టింపు అయ్యాయంటే ప్రతి క్రోమోజోముకూ అచ్చం తనలాంటి జోడీ దొరికినట్టే. గొడ్డుతనం పోతుంది. తల్లితండ్రులతో మాత్రం ఇక సులభంగా కలవదు, లెక్క కుదరదు. ఒకటి రెండు తరాల్లోనే కొత్త జాతి తయారవుతుంది. డార్విన్ ఊహించిన నిదానపు మార్పుకు వేల తరాలు కావాలి. దీనికి కావలసింది ఓపిక. ఎన్నో ఏళ్లు బతికే, ముక్కలతో విస్తరించే మొక్కకు ఆ ఓపిక పుష్కలంగా ఉంది. అంత అరుదుగా జరిగే సంఘటన కోసం అది వందల ఏళ్లు పూస్తూ కూర్చోగలదు.

నాగజెముడు ప్రజాతిలో ఈ బహుస్థితికత ఎంత ఎక్కువంటే, రెండే వరుసలున్న జాతులు ఇప్పుడు మైనారిటీలో పడిపోయాయి. వీటిలో చాలా రకాలకు ఇంకొక వెసులుబాటు కూడా ఉంది. విత్తనంలోని పిండం ఫలదీకరణతో కాకుండా నేరుగా తల్లి కణజాలం నుంచే ఏర్పడవచ్చు. పక్షి ఆ పండు తిని దూరాన విత్తనం విసర్జిస్తే మొలిచేది అచ్చం తల్లి. ముక్క నేల మీద మెల్లగా దొర్లుతుంది, ఈ విత్తనం ఎగిరిపోతుంది. మట్టతో పాటు రెక్కలు కూడా దొరికినట్టే.

ఈ కథంతా ఒక ఖండం మీద రాసి ఉన్నట్టు చూపించిన పరిశోధన 2012లో వచ్చింది. లూకాస్ మజూర్, ఆయన సహచరులు అమెరికా తూర్పు భాగంలో నేలబారుగా పెరిగే నాగజెముళ్ల క్రోమోజోములు లెక్కపెట్టి, ఏ మొక్క ఎక్కడిదో పటంలో గుర్తించుకుంటూ పోయారు. రెండు వరుసల మొక్కలు, అంటే 22 క్రోమోజోములున్నవి, రెండు మూలల్లోనే తేలాయి: ఆగ్నేయాన ఫ్లోరిడా పరిసరాల్లో, నైరుతిన టెక్సాస్, న్యూ మెక్సికో వైపు. మధ్యలోనూ, ఉత్తరాననూ అన్నీ 44 క్రోమోజోముల మొక్కలే.

సుమారు 20,000 ఏళ్ల కిందట ఉత్తర అమెరికా సగం మంచు పలకల కింద ఉంది. వేడి కోరే మొక్కలు దక్షిణపు మూలలకు ఒదిగి, అక్కడ ఒకదానికొకటి సంబంధం లేకుండా బతికాయి. మంచు కరిగే కాలాల్లో రెండు మూలల నుంచీ విస్తరించి మధ్యలో ఎదురుపడ్డాయి. కలిశాయి. ఆ కలయికలో పుట్టిన నాలుగు వరుసల మొక్కలు తల్లితండ్రులు ఎన్నడూ వెళ్లని చోటికి నడిచాయి. ఇవాళ కెనడాలోని ఒంటారియోలో, ఈరీ సరస్సు ఒడ్డున పాయింట్ పెలీ ఇసుక మీద నాగజెముడు పెరుగుతోంది. చలికాలానికి ముందు అది తన మట్టల్లోని నీటిని తగ్గించుకుని, ముడతలు పడి, నేలకు అతుక్కుపోయి మంచు కింద పడుకుంటుంది. వసంతంలో మళ్లీ ఉబ్బి లేస్తుంది. ఒకప్పుడు మైలు మందం మంచు ఉన్న నేల మీద కాక్టస్ పూస్తోందంటే ఆ ప్రయాణం సంకరం చేసిన పనే. తల్లితండ్రులు దక్షిణాన తమ మూలల్లోనే ఉండిపోయాయి.

వంశవృక్షం అనే మాట వినగానే మనకు ఒక మాను, దాని నుంచి చీలే కొమ్మలు కళ్లకు కడతాయి. చీలిన కొమ్మ మళ్లీ ఇంకో కొమ్మతో అతుక్కోదు. నాగజెముడు చరిత్రకు గోదావరి పోలిక సరిగ్గా కుదురుతుంది. ధవళేశ్వరం దిగాక లంక అడ్డొచ్చిన చోట పాయ చీలుతుంది, లంక దాటాక కొన్ని పాయలు మళ్లీ కలుస్తాయి, ఇంకో లంక దగ్గర మళ్లీ చీలతాయి. దిగువన నిలబడి దోసెడు నీళ్లు తీస్తే ఏ పాయవని చెప్పలేం, రెండు పాయలవీ ఉంటాయి. 44 క్రోమోజోముల మొక్కలో ఒక్కో జన్యువు ఒక్కో ఒడ్డు నుంచి వచ్చింది.

ఈ పాయలు కలవడంలో మనిషి చెయ్యి కూడా ఉంది. మిస్సోరి వృక్షోద్యానంలో పనిచేసిన ఎడ్గార్ ఆండర్సన్ 1948లో ఒక మంచి గమనిక చేశారు. సంకరాలు పుట్టడం కష్టం కాదు, వాటికి సరిపోయే చోటు దొరకడమే కష్టం. అడవి కొట్టి, దారి వేసి, దున్ని వదిలేసిన నేలలో మనిషి ఆ చోటు కల్పిస్తున్నాడు. మెక్సికో మధ్య పీఠభూమిలో జరిగింది దానికి మించినది. అక్కడి వాళ్లు వేల ఏళ్లుగా నాగజెముడు మట్టలు కూర వండుకుంటున్నారు, పండ్లు తింటున్నారు. తెహువాకాన్ లోయ గుహల తవ్వకాల్లో దాని అవశేషాలు దొరికాయి. 1325లో నెలకొన్న తెనోచ్‌టిట్లాన్ నగర గాథలోని నాగజెముడు ఇప్పుడు మెక్సికో జాతీయ పతాకం మీద ఉంది. అడవిలో వేర్వేరు కొండల మీద ఉండే రకాలను తెచ్చి ఇంటి పెరట్లో పక్కపక్కన నాటారు. తేనెటీగ పని సులువైంది. ముళ్లు తక్కువైన, పండు తియ్యనైన మొక్క కనబడితే దాని మట్ట కోసి నాటారు, పొరుగువాళ్లకు ఇచ్చారు. అలా తయారైందే ఇవాళ సిసిలీ నుంచి దక్షిణాఫ్రికా దాకా పండ్ల కోసం, పశుగ్రాసం కోసం సాగు చేస్తున్న తోట నాగజెముడు. దాని కణంలో ఎనిమిది వరుసలు, 88 క్రోమోజోములు. 2004లో పాట్రిక్ గ్రిఫిత్ చేసిన అణుస్థాయి అధ్యయనం దాని పుట్టుక మధ్య మెక్సికోలోనేనని చూపింది. ముళ్లు లేని రకం విత్తనాలు చల్లితే వాటిలో ముళ్ల మొక్కలు మొలుస్తాయి. పాత వంశాలు లోపల అలాగే ఉన్నాయి.

మన నేలకు నాగజెముడు వచ్చిన తీరు, పోయిన తీరు కూడా ఈ అధ్యాయానికి సంబంధించినదే. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీకి ఎర్ర రంగు కావాలి. స్పెయిన్ వాళ్లు మెక్సికోలో నాగజెముడు మీద కోచినీల్ పురుగును పెంచి ఆ రంగుతో గొప్ప లాభాలు చేసుకుంటున్నారు. మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోట వేశారు. 1795లో బ్రెజిల్ నుంచి ఒక ఓడలో పురుగు వచ్చింది. వచ్చింది అసలు రంగు పురుగు కాదు, దాని అడవి చుట్టం. రంగు సరిగా రాలేదు. కాని అది ఒక నాగజెముడు జాతిని, మొనకాంథాను, చూస్తుండగా తినేసింది. దానితోపాటు దేశంలో పరుచుకున్న మరో జాతిని, మన కంచెల మీదుగా పొలాల్లోకి పాకిన డిల్లీనై నాగజెముడును, ముట్టుకోలేదు. దాన్ని అదుపు చేయడానికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో కోచినీల్ జాతిని తేవలసి వచ్చింది. అయిదారేళ్లలో దక్షిణ భారతంలో వేల ఎకరాల నాగజెముడు కుళ్లి నేలకూలింది. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో మనిషి దూరలేనంతగా అల్లుకున్న పొదలు మన తరానికి తెలియకపోవడానికి కారణం ఆ పురుగే.

మన కంటికి రెండూ నాగజెముళ్లే. పురుగు మాత్రం తేడా పట్టేసింది. దక్షిణాఫ్రికాలో ఈ సంగతి ఇంకొక అడుగు ముందుకెళ్లింది. అక్కడ 1930లలో తోట నాగజెముడు కలుపుగా మారిన చోట్ల ఒక రకం కోచినీల్‌ను వదిలారు. 1990లలో క్రూగర్ జాతీయ వనంలో పరుచుకున్న డిల్లీనై దగ్గరి చుట్టం మీద అది పనిచేయకపోతే, అదే జాతి పురుగులో ఇంకో రకం తెచ్చారు. ఈ రెండు రకాల పురుగులు ఎదురుపడితే ఏమవుతుందో పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. పురుగులూ కలిశాయి. మొదటి తరం సంకర పురుగులు రెండు మొక్కల మీదా బతికాయి. తరువాతి తరాల్లో ఆ శక్తి చీలిపోయి, కొన్ని ఒక మొక్క మీద, కొన్ని ఇంకో మొక్క మీద మాత్రమే బతకగలిగాయి. కాక్టస్‌ల పాయలు చీలి కలుస్తుంటే వాటిని తినే పురుగు పాయలు కూడా వెంట చీలి కలుస్తున్నాయన్న మాట.

పిట్టల్లోనూ ఇదే చూడవచ్చు. గలాపగోస్‌లోని డాఫ్నీ మేజర్ దీవిలో దశాబ్దాల పాటు ఫించ్ పిట్టలను గమనించిన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులకు (అరిజోనా గ్రాంట్‌లు వేరు) 1982-83 ఎల్ నినో వానల తరువాత ఒక మార్పు కనిపించింది. తీగలు అల్లుకుని నాగజెముడు పొదలు నలిగిపోయాయి, చిన్న గింజల మొక్కలు పెరిగాయి. నాగజెముడు పువ్వులు, పండ్ల మీద బతికే కాక్టస్ ఫించ్‌కూ నేల ఫించ్‌కూ పుట్టిన సంకర పిట్టలు అంతకు ముందు పెద్దయి పిల్లలు పెట్టేదాకా బతకడం అరుదు. ఆ తరువాత అవి తల్లితండ్రులతో సమానంగా నిలదొక్కుకున్నాయి. సంకరం బలమైనదా బలహీనమైనదా అన్నది దాని రక్తంలో రాసిపెట్టి ఉండదు, దాని చుట్టూ ఉన్న నేల నిర్ణయిస్తుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం. జన్యువులు పొంతన కుదరని ప్రతిచోటా సంకరాన్ని చూడడం తొందరపాటు. 2017లో మైకేల్ శాండర్సన్ తదితరులు అరిజోనా ఎడారికి గుర్తయిన సాగ్వారో మహాకాక్టస్ జన్యుపటాన్ని, దాని బంధువుల పటాలనూ పోల్చారు. ఒక జన్యువు ప్రకారం సాగ్వారోకు దగ్గరి చుట్టం ఒకటి, మరో జన్యువు ప్రకారం ఇంకొకటి. దీనికి ఎక్కువ భాగం కారణం సంకరం కాదని వాళ్లు తేల్చారు. పూర్వపు జాతి జనాభాలో ఒక జన్యువుకు రెండు మూడు రూపాలు ఉన్నాయనుకుందాం. అది చీలి రెండు జాతులై, అవి వెంటనే మళ్లీ చీలితే, ఆ రూపాలు ఏ జాతిలో ఏది మిగలాలో తేలేలోపే కొత్త జాతులు వచ్చేస్తాయి. ఎవరికి ఏది దక్కిందన్నది కాకతాళీయం. సాగ్వారో మొదటి పువ్వు పూయడానికే దశాబ్దాలు పడుతుంది, 150 ఏళ్లు దాటి బతుకుతుంది. తరం ఇంత పొడవైతే పాత వైవిధ్యం తేలిపోవడానికి లక్షల ఏళ్లు సరిపోవు. స్తంభాల కాక్టస్‌లలో అప్పుడప్పుడూ జరిగిన సంకరం, ఈ పాత పంపకం, రెండూ కలిసి ఉన్నాయి. వాటిని విడదీయడానికి చాలా జన్యువులు కావాలి, ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. సూక్ష్మదర్శినితో క్రోమోజోములు లెక్కపెట్టిన నాటి పద్ధతి నాగజెముళ్లకు చాలింది గాని ఇక్కడికి చాలదు.

తెలంగాణలో, ఆంధ్రలో ఇప్పుడు సిమెంటు స్తంభాల మీద పాకిస్తున్న డ్రాగన్ పండు కూడా కాక్టసే. దాని సాగులో పైన చెప్పిన సూత్రాలన్నీ రైతు చేతిలో ఉన్నాయి. కొమ్మ ముక్క నాటితే తోట వస్తుంది, అంటే తోటంతా ఒకే మొక్క. ఎర్రగుజ్జు రకాల్లో చాలావాటికి తమ పుప్పొడి తమకు పనికిరాదు, కనుక రాత్రి పూట వేరే రకం పుప్పొడి అద్దితేనే కాయ బాగా పడుతుంది. పసుపు తొక్క, మంచి తీపి ఉన్న దక్షిణ అమెరికా జాతి నాలుగు వరుసలది. ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారి పక్కన బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో యోసెఫ్ మిజ్రాహి, నోయెమి టెల్-జుర్ వంటివారు దాన్ని రెండు వరుసల ఎర్ర రకాలతో కలిపారు. మూడు వరుసల మొక్కలు పుట్టాయి. వాటిలో కొన్నింటికి కాయలు కూడా కాశాయి. ప్రకృతి బాహా కొండల మీద చేసిన పని ఇక్కడ నీడవలల కింద జరిగింది.

ప్రకృతి ఇంకా ఆ పని చేస్తూనే ఉంది గాని, దాని ముడిసరుకు ప్రమాదంలో పడింది. అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగు గొంగళ్లు 1926 తరువాత ఆస్ట్రేలియాలో నాగజెముడు కమ్మేసిన కోట్ల ఎకరాలను విడిపించాయి. ఆ దేశానికి అది వరం. 1957లో అదే పురుగును కరీబియన్ దీవుల్లో వదిలారు, అక్కడ నాగజెముడు పరాయిది కాదు, సొంత మొక్క. 1989కల్లా పురుగు ఫ్లోరిడా చేరింది. రెండు వరుసల నాగజెముళ్లు మంచుయుగాల్లో తలదాచుకున్న ఆగ్నేయపు మూల అదే. కెనడాలో పూసే మొక్కలకు ఒక వైపు పూర్వీకుల వారసులు ఆ ఇసుకల్లోనే ఉన్నాయి. నాలుగు వరుసల సంతానం ఉత్తరాన ఎంత పరుచుకున్నా, దానిలో ఉన్నది ఒకప్పటి ఒకటి రెండు కలయికల్లో అందిన జన్యువులే. మిగతావి ఫ్లోరిడా మొక్కల్లో ఉన్నాయి. గొంగళి మట్ట లోపలి గుజ్జంతా తిని తొక్క వదిలేస్తుంది కనుక ఆ మట్ట రాలినా వేళ్లూనదు. పురుగు గల్ఫ్ తీరం వెంట పడమరగా టెక్సాస్ దాకా జరిగింది, అంటే నైరుతి మూల వైపు. 2006లో మెక్సికోలో ఇస్లా ముహెరెస్ దీవి మీద కనిపించగానే అక్కడి అధికారులు సోకిన మట్టలు ఏరి కాల్చి, ఎరలు కట్టి, గొడ్డు పురుగులను వదిలి, 2009 నాటికి దాన్ని పూర్తిగా తుడిచిపెట్టారు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ నాగజెముడు జాతులున్న ఆ దేశపు ప్రధాన భూమి ఆ దీవికి సముద్రం మీదుగా కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది.